తీగ మీద పట్టీల తోకలు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకొచ్చింది ఒకే ఒక్క షీల్డు. అది నేను చెయ్యని పనికి వచ్చింది. ఆ సంగతి రిటైరయ్యాక గానీ నాకు తెలియలేదు. తెలిసిన రోజున ఏడవాలో గంతులెయ్యాలో అర్థంగాక, ఒక రేకుల ఇంటి వాకిట్లో, గుప్పిటి నిండా బట్టల క్లిప్పులు పట్టుకుని, ఒకావిడ చేత తిట్లు తింటూ నిలబడ్డాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని అప్పటినుంచీ ఒకటే తహతహ.

మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే ఉండేది మా కోళ్ల దాణా మిల్లు. చుట్టుపక్కల ఫారాలకు దాణా మా దగ్గర నుంచే పోయేది. మక్కలు, సోయా, తవుడు, వాటిలో కలపడానికి ఎండు చేప. ఈ ఎండు చేప కోస్తా నుంచి లారీల్లో వచ్చేది. వలలో పడినవాటిలో మనుషులు తినే చేప తీసేసుకోగా మిగిలిన చిల్లర సరుకుని అక్కడి ఒడ్డున ఎండబెట్టి, సంచులకెత్తి పంపేవాళ్లు. ఆ సంచుల్లో చేపతోపాటు ఇంకా ఏమేం ఉన్నాయో చూడటం నా పని. హోదా క్వాలిటీ ఇన్‌చార్జి. మిల్లులో పిలిచేది మాత్రం ముక్కు సారు అని. గుప్పెడు చేప తీసి వాసన చూస్తే, అది ఎన్నాళ్ల కిందట ఎండిందో, ఎండేటప్పుడు వాన పడిందో లేదో చెప్పేసేవాణ్ణి. ఆ గొప్ప గేటు దాకానే. ఇంటికొస్తే మా ఆవిడ బకెట్టు నీళ్లు, సబ్బు బయటే పెట్టి, స్నానం అయ్యేదాకా లోపలికి రానిచ్చేది కాదు. బస్సు ఎంత కిటకిటలాడినా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

మిల్లులో నాకు దగ్గరివాళ్లు ఇద్దరు. ఒకాయన జల్లెడ మిషన్ నడిపే భాయి, రోజూ గౌడవెల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. రెండో మనిషి, చేపల సంచులు కుప్పపోసి రాళ్లూ గవ్వలూ ఏరే అక్క. దేవరయాంజాల్ మనిషి. ఆదివారం చర్చి మానేది కాదు, ఆ రోజు లారీ వచ్చిందని ఎంత బతిమాలినా మిల్లు వైపు తొంగి చూసేది కాదు. నన్ను సారూ అనే పిలిచేది గానీ, ఆ పిలుపులో భయం ఇసుమంతైనా ఉండేది కాదు.

నేను చేరిన మొదటి సీజన్‌లోనే ఒక మధ్యాహ్నం అక్క పెద్దగా కేకేసింది.

"సారూ! పాము! సంచిల పాము!"

నేను పరుగెత్తాను. నా వెనకాల భాయి పార పట్టుకుని వచ్చాడు. చూస్తే అది ఎప్పుడో చచ్చి, ఎండి, ఉప్పు పట్టి ఉంది. తల చాలా చిన్నది, ఒంటి నిండా నల్ల పట్టీలు, తోక మాత్రం పడవ తెడ్డులా చపటగా ఉంది.

"గిదేం పాము భాయ్? తోక మీద ఎవలో కాలేసి తొక్కినట్టున్నది," అంది అక్క.

సముద్రంలో ఈదడానికే దానికి అలాంటి తోక ఉంటుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. మా ముగ్గురిలో సముద్రం చూసినవాళ్లే లేరు.

ఆ లారీ తర్వాత ప్రతి లారీలోనూ పాములు రావడం మొదలైంది. పాము కలిసిన దాణా మా కోళ్లకెందుకని రైతులు గొడవ చేస్తారని నా భయం. కోస్తా నుంచి వచ్చే సరుకు ఏజెంటుని నిలదీశాను. ఆయన నవ్వి, "అది పాము కాదండీ బాబూ, పాములా పొడుగ్గా ఉండే మలుగు చేప. మీ హైదరాబాదోళ్లకి చేపల సంగతి తెలవదు కదండీ," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అసలే నాది ముక్కు మీద కోపం.

అప్పుడు అక్కే ఉపాయం చెప్పింది. "మలుగుకు గీ తోకుంటదా సారూ? తోకలు దాసిపెడదాం. ఆయనొచ్చినప్పుడు ముంగట ఏద్దాం."

తలలో విషం ఉంటుందని తల జోలికి ఎవరూ పోయేవాళ్లం కాదు. అక్క కొడవలితో తోక కోసేది, మిగిలింది గొయ్యి తీసి పూడ్చేవాళ్లం. ఆ తోకల్ని ఒక ఇనుప తీగకు పూలమాలలాగా గుచ్చేది. భాయి నూనె డబ్బా రేకు ముక్క కత్తిరించి, దాని మీద మేకుతో ఆ ఏడాది అంకె పొడిచి తీగ చివర కట్టేవాడు. ఏడాదికొక తీగ. జల్లెడ గది గోడకు వరసగా వేలాడేవి. ఏజెంటు వచ్చిన ప్రతిసారీ నేను ఆ ఏటి తీగ తెచ్చి ఆయన టీ గ్లాసు పక్కన దబ్బున పడేసేవాణ్ణి. ఆయన గ్లాసు పక్కకి జరుపుకుని, "ఏరిస్తామండీ, ఈసారి మావోళ్లకి గట్టిగా చెప్తానండీ," అనేవాడు.

నిజంగానే తోకలు తగ్గుతూ వచ్చాయి. ఒక్కసారిగా కాదు, ఏటికేడు. మొదటి ఏడు తీగ మొత్తం నిండి, దానికి ఇంకో తీగ ముడివెయ్యాల్సి వచ్చింది. కొన్నేళ్లకు సగం తీగ. ఇంకొన్నేళ్లకు తీగ మీద తోకల కంటే ఖాళీయే ఎక్కువ. లారీలు మాత్రం తగ్గలేదు. నా అరుపులు పనిచేశాయని మిల్లంతా చెప్పుకున్నారు. నేనైతే ఇంకా ఎక్కువ చెప్పుకున్నాను. ఒక ఏడాది మా ఓనరు అందర్నీ కూర్చోబెట్టి, నాకు శాలువా కప్పి, షీల్డు ఇచ్చాడు. దాని మీద 'సరుకు శుభ్రతకు' అని రాయించాడు. అక్క వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాతి వారమే అనుకుంటా, అక్క చేపల కుప్ప దగ్గర నుంచి నన్ను పిలిచింది.

"సారూ, ఒకటి చూసిండ్రా? పట్టీల తోకలు అసలే వస్తలేవు. గీ బూడిద రంగుయే వస్తున్నయి. అవి ఎప్పటి లెక్కనే వస్తున్నయి."

"రాకుంటె మంచిదే గదా అక్కా. రాలేదని దావత్ చేస్కో," అన్నాను. అన్నాక రిజిస్టర్ తీసి 'సరుకు శుభ్రం' అని రాసి సంతకం పెట్టాను. అక్క కుప్ప వైపు తిరిగి మళ్లీ రాళ్లు ఏరుకోసాగింది.

నేను రిటైరయ్యాను. కొన్నాళ్లకు మిల్లూ మూతపడింది. షీల్డు మా హాల్లో, టీవీ పైన చేరింది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాని కథ చెప్పేవాణ్ణి. గ్యాసు సిలిండర్ తెచ్చిన అబ్బాయికి కూడా చెప్పానని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఈమధ్యే మా పై పోర్షన్‌లోకి ఒకమ్మాయి అద్దెకొచ్చింది. కాకినాడ వైపు పిల్ల. శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధన సంస్థలో పని. జంతువుల మీద ఏదో చదువుతుందని మాత్రమే మాకు తెలుసు. ఒక ఆదివారం మా ఆవిడ పూరీలు చేసి ఆ పిల్లను కిందికి పిలిచింది. నేను మామూలుగానే షీల్డు కథ ఎత్తుకున్నాను. సంచులు, పాములు, తీగలు, ఏజెంటు టీ గ్లాసు. పూరీ తుంచుతున్న ఆ పిల్ల చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"అంకుల్, ఆ తోకల్లో నల్ల పట్టీలున్నవి ఉండేవాండీ?"

"కుప్పలు కుప్పలు. నేనే తగ్గించిన."

"ఎలా తగ్గించారండీ?"

"ఎట్లనేంది? ఏజెంటుని భయపెట్టి! వాళ్లు ఒడ్డున ఏరి పారేసి పంపుడు మొదలుపెట్టిండ్రు."

ఆమె ప్లేటు పక్కన పెట్టింది. తను చదువుతున్నది సముద్రపు పాముల గురించేనని అప్పుడు చెప్పింది. పట్టీలున్న ఆ చిన్నతల పాము ఒకప్పుడు తమ తీరంలో ప్రతి వలలోనూ పడేదని ముసలి మత్స్యకారులు చెప్తారట. తను రెండు సీజన్లు ఒడ్డున కూర్చుంది. ఒక్కటీ కనబడలేదు. ఒకప్పుడు ఉండేవన్నదానికి ముసలివాళ్ల మాట తప్ప ఎక్కడా రుజువు లేదు. పాత పాముల్ని ఎవరు దాచిపెడతారు?

"ఎవరూ దాచలేదనుకున్నాను అంకుల్," అంది. కళ్లు పెద్దవి చేసుకుని నా షీల్డు వైపు చూస్తోంది. "ఆ ఏజెంటు గారు నిజంగా ఏరించారా? ఒక్కసారి అడగగలమా?"

ఆయన నంబరు నా పాత డైరీలో ఉంది. స్పీకర్ పెట్టాను. నా గొంతు విని ఆయన చాలా సంతోషించాడు. ఏరే సంగతి అడిగేసరికి పడీ పడీ నవ్వాడు.

"ఏరడమేంటండీ బాబూ! ఒడ్డున గుట్టలు గుట్టలు పోస్తామండీ, ఎండాక పారతో సంచికెత్తుతాం. మండే ఎండలో పామెక్కడుందని ఎవడేరతాడండీ? మీరు తీగ పట్టుకుని అరుస్తున్నారని సరే సరే అనేవోణ్ణి. ఆనక మీరే తగ్గాయని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే కాదని ఎందుకంటానండీ!"

ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది, నా మొహం చూడలేక.

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నాకొక దుర్బుద్ధి పుట్టింది. తీగలు ఎప్పుడో తగలబెట్టేశారమ్మా అనేస్తే అయిపోతుంది. షీల్డు టీవీ పైనే ఉంటుంది. మహా అయితే ఏజెంటు అబద్ధాలకోరు అనుకుంటారు. నాకున్నది ఆ ఒక్క పేరు. కానీ ఆ పిల్ల చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడే ఉంది. స్కూటీ తాళం చేతిలో గిరగిరా తిప్పుతోంది. ఆ తొందర చూస్తే లారీ వచ్చిందని వినగానే పరుగెత్తిన నా కుర్రతనం గుర్తొచ్చింది.

"పా బిడ్డా, జల్దీ పా," అన్నాను.

ఈ వయసులో స్కూటీ వెనక కూర్చుని, ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో సీటు పట్టుకుని నేను అత్వెల్లి వెళ్లిన తీరు మేడ్చల్ చౌరస్తా అంతా చూసింది. తీగలు జల్లెడ గదిలోనే ఉంటాయనుకుని తీరా వెళ్తే మిల్లు లేదు! గోడల్లేవు, జల్లెడ గది లేదు. నేలంతా జేసీబీతో చదును చేసి గోడౌన్ కోసం ముగ్గు పోశారు. గేటు స్తంభం ఒక్కటి మిగిలింది. ఇందాక తీగలు పోయాయని అబద్ధం చెబుదామనుకున్న మనిషినే నేను. నిజంగా పోయాయనేసరికి ఆ చదును నేలంతా కళ్లతో వెతికాను. వాచ్‌మన్‌ని పట్టుకుని ఇనుప సామాను ఎటు పోయిందని అడిగాను. ఎన్ని తుక్కు కొట్లుంటే అన్నిటికీ పోయిందన్నాడు.

భాయికి ఫోన్ చేశాను. నా గోడు మొత్తం విని ఆయన అన్నాడు గదా, "అరె సాబ్, పరేషాన్ నక్కో, ఫికర్ జెయ్యకుండ్రి. మిల్లు బందైన దినం అక్క సంచిల ఏస్కపోలే? అన్నీ ఆమె దగ్గర్నే ఉంటయి. పదండ్రి, నేన్ గూడ వస్తున్న."

ఫోన్లో ఈ మాట వినగానే ఆ పిల్ల నడిరోడ్డు మీద ఒక్క గెంతు గెంతింది. నేనూ గెంతేవాణ్ణే, మోకాళ్లు ఒప్పుకోలేదు.

దేవరయాంజాల్లో అక్క ఇల్లు చేరేసరికి భాయి అప్పుడే వచ్చి టీ తాగుతున్నాడు. ఆదివారం కాబట్టి అక్క తెల్లచీర కట్టుకుని, అప్పుడే చర్చి నుంచి వచ్చి ఉంది. లోపల బియ్యం బస్తాల మీద, దూలానికి వరసగా వేలాడుతున్నాయి మా తీగలు! రేకు ముక్కలతో సహా, ఒక్కటి తక్కువ కాకుండా. ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాము వాసనకు ఎలుకలు రావు సారూ," అంది అక్క. "గందుకే తెచ్చుకున్న. గిన్నేండ్లల్ల ఒక్క బస్తా కొరకలే."

"అక్కా, అవి గీ బిడ్డకు కావాలె."

"ఇయ్యను. ఎలుకలొస్తే మీరొచ్చి పడ్తరా?"

ఎంత చెప్పినా వినలేదు. పరిశోధన అన్నాం, దేశానికి పనికొస్తుందన్నాం. చివరికి బియ్యానికి మూతున్న పెద్ద రేకు డ్రమ్ము కొనిస్తానని నేను ఒట్టేశాక, భాయి దానికి సాక్షి అన్నాక, తీగలు దించింది.

వాకిట్లో తడకలు పరిచి, రేకు మీది అంకెల ప్రకారం తీగల్ని వరసగా పెట్టాం. పట్టీల తోక ఉన్నచోటల్లా ఏదైనా గుర్తు పెట్టాలంది ఆ పిల్ల. చేతికందినవి దండెం మీది బట్టల క్లిప్పులు. ఆమె తోక చూసి "ఇది" అంటుంది, నేను క్లిప్పు పెడతాను. మొదటి తీగకే దండెం సగం ఖాళీ అయింది. రెండో తీగ సగంలో ఉండగానే క్లిప్పుల్లేక అక్క ఉతికారేసిన దుప్పట్లు ఒక్కొక్కటే మట్టిలో పడటం మొదలైంది.

"సారూ! మీ తోకలు సల్లగుండ! మల్ల ఎవరు ఉతుకుతరు?" అని అక్క ఒకటే తిట్లు. భాయి పక్కింటికి పోయి వాళ్ల క్లిప్పులు కూడా పట్టుకొచ్చాడు.

మూడో తీగకు వచ్చేసరికి క్లిప్పులు పెట్టే నా చెయ్యి నెమ్మదించింది. నాలుగోదాని మీద ఇంకా తక్కువ. తర్వాత ఒక తీగకు రెండో మూడో. ఆ తర్వాత తీగకు ఒక్కటి. ఆ తర్వాత తీగలకు పెట్టడానికి తోకే లేదు. గుప్పిటి నిండా క్లిప్పులు మిగిలిపోయాయి. కానీ ఆ ఖాళీ తీగల మీద కూడా బూడిద రంగు తోకలున్నాయి. మొదటి తీగ మీద ఎన్నున్నాయో చివరిదాని మీదా దాదాపు అన్నే.

"అంకుల్!" ఆ పిల్ల చివరి తీగ ఎత్తి చూపించింది. "ఒడ్డున ఏరేస్తే రెండు రకాలూ తగ్గాలి కదండీ? పామంటే భయపడి పారేసేవాడు పట్టీలున్నవే చూసి పారెయ్యడు. ఇవి మాత్రమే పోయాయి. సముద్రంలోనే తగ్గిపోయాయి అంకుల్. ఒక్క మిల్లు తోకలతో అంతా తేలిపోదు, కానీ ఇలాంటిది ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు!"

అంతవరకూ దుప్పటి దులుపుతున్న అక్క ఆగింది.

"నేను గప్పుడే సెప్పిన గదా సారూ. పట్టీలయి వస్తలేవని. మీరే దావత్ చేస్కొమన్నరు."

ఆమె తిట్టినట్టు అనలేదు. మామూలుగా అంది. మిల్లులో అందరికంటే ముందు ఆ పాము పోతోందని కనిపెట్టింది పదో తరగతి కూడా చదవని అక్క. వాసన చూసి అన్నీ చెప్పే ముక్కు సారు 'సరుకు శుభ్రం' అని సంతకం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోవాలి కదా నేను. చచ్చిపోలేదు! ఒకపక్క కళ్లలో నీళ్లు, ఇంకోపక్క కడుపులోంచి ఉప్పొంగే సంతోషం. ఆ దరిద్రపు తోకలు గుచ్చింది మేమే కదా, దాచింది మేమే కదా! భాయి రేకు ముక్కల్ని చేత్తో తడుముతూ, "నా అంకెలు పోలేదు సాబ్, ఒక్కటి పోలేదు," అని పదే పదే అంటున్నాడు.

ఆ సాయంత్రమే ఒక కాగితం మీద రాసిచ్చాను. తోకలు తగ్గడం నా కష్టం వల్ల కాదు, ఏరించింది లేదు, పట్టీల తోకలు ఆగిపోయాయని మొదట గమనించింది ఫలానా అక్క అని. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గానే ఉంది. ఆ పిల్ల ఒక్కో తోక నుంచి గోరంత ముక్క తీసి సంస్థలో పరీక్షలు చేయించింది. అది వెతుకుతున్న పామేనని తేలింది. డ్రమ్ము కొనిచ్చిన రోజున షీల్డు కూడా పట్టుకెళ్లి అక్క చేతిలో పెట్టాను, ఇది నీది అక్కా అని. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకెందుకు సారూ? దీనికి ఎలుకలు పోతయా?" అని తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడది మా అటక మీద ఉంది.

పిల్లలూ, మీ చేతి కింద పనిచేసేవాళ్లు ఏదైనా కనిపించడం లేదని చెప్తే, పని తగ్గిందని సంబరపడకుండా, ఎక్కడికి పోయిందని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు. అడిగి ఉంటే పాములు మిగిలేవని కాదు. ఎవరో ఒకరికి అన్నేళ్లు ముందు తెలిసేది.

ఆ పిల్ల తీగల ఫోటోలు పట్టుకుని తీరానికి వెళ్లింది. ఊరూరూ తిరిగి, ఇలాంటిది ప్రాణంతో వలలో పడితే కర్రతో నీళ్లలోకి నెట్టేయండి, వీలైతే ఒక వీడియో తీయండి అని చెప్పి వచ్చింది. నెలలు గడిచాయి. ఏమీ రాలేదు. నేను రోజూ ఆమె మెట్లు దిగే చప్పుడు విని అడిగేవాణ్ణి, ఆమె తల అడ్డంగా ఊపేది.

మొన్న ఒక ఉదయం ఆ మెట్ల మీద దబదబా చప్పుడైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. "అంకుల్! వచ్చింది! వచ్చిందండీ!" ఫోన్ నా మొహంలో పెట్టేసింది. పడవ అంచు, నీళ్లు, ఎవరో కర్రతో వల విదిలిస్తున్నారు. వలలోంచి జారిందొకటి. చిన్న తల, పట్టీలు. నేను వేసిన కేకకి మా ఆవిడ చేతిలో పాలగిన్నె కింద పడింది. వీడియో నా ఫోన్లోకి ఎక్కించుకుని, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ, ఆటోలో దేవరయాంజాల్ వెళ్లాను.

అక్క కళ్లద్దాలు తెచ్చుకుని గడప మీద కూర్చుంది. వీడియో పెట్టి ఫోన్ ఇచ్చాను. అన్ని తోకలు కోసిన ఆ చేతులు ఫోన్‌ని గట్టిగా పట్టుకున్నాయి. తెరమీద ఆ పాము ఒక్క క్షణం నీళ్ల మీద ఆగింది. తెడ్డు లాంటి ఆ తోక అటొకసారి, ఇటొకసారి ఊపి కిందికి వెళ్లిపోయింది.

"గందుకా సారూ ఆ తోక," అంది అక్క. "ఎండినయి తప్ప సూడలే నేను. గిట్ల ఈదుతదా!"

"నేను గూడ గిదే మొదటిసారి చూసుడు అక్కా."

ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఫోన్ నా వైపు చాపింది.

"ఇంకోపారి పెట్టుండ్రి సారూ."

మళ్లీ పెట్టాను.